అక్క ఇంటికి పోసిన ముగ్గు

ఆర్కిటెక్చర్ రెండో ఏడు పరీక్షలు రాసి హైదరాబాదు నుంచి నిజామాబాద్ వచ్చిన నాకు కాళ్లు నేల మీద నిలిచేవి కావు. వీధిలో ఏ ఇల్లు కనబడినా కిటికీ ఎక్కడ పెట్టాలో చెప్పేసేదాన్ని, ఎవరూ అడగకపోయినా. అంతలో మా అక్క రెండు గదుల ఇల్లు కట్టుకుంటానంది. నా ప్లాను ప్రకారమే కట్టాలని పట్టుబట్టాను. మా బాపు ఒక్క మాటే అన్నాడు: "మేస్త్రి ఒప్పుకుంటెనే. లేకుంటె ఆయనకు తెలిసినట్టే కడ్తడు."

మేస్త్రి నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మడతపెట్టి నా చేతికే ఇచ్చాడు.

"గిది నాకు సమజ్ కాదు బిడ్డా. నేల మీద ముగ్గు పొయ్, సూస్త."

ఇంతకంటే ఏం కావాలి! పొద్దున్నే మేకులు కొట్టి, తాడు లాగి, సున్నం పిండితో గీతలు పోశాను. కాగితం మీద జానెడున్న ఇల్లు నిజమైన కొలతలతో పరుచుకుంటుంటే గంతులేయాలనిపించింది. తలుపుకు వదిలిన చోటు నుంచే గదిలోకి నడిచాను. గోడలు తొక్కడానికి మనసొప్పలేదు.

అక్క తునికాకుల చాట చంకన పెట్టుకుని వచ్చింది. వెంట, రోజూ ఆమెతో కలిసి బీడీలు చుట్టే ముగ్గురు ఆడవాళ్లు. నలుగురూ సంబరంగా వరండాలో కూర్చున్నారు. ఒళ్లో చాటలు పెట్టుకోగానే మోకాళ్లు గీత దాటిపోయాయి.

"చెల్లె, నేను ఇంట్ల కూసున్ననా, బజార్ల కూసున్ననా?" అంది అక్క. అందరూ పకపకా నవ్వారు.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. పుట్టి పెరిగింది బీడీల ఇంట్లో. అయినా వరండా అంటే చెప్పులు విడిచే చోటన్నట్టు మూడడుగులు వదిలాను. వాళ్లు పొద్దంతా కూర్చునేది అక్కడేనని గీసేటప్పుడు తోచనే లేదు. మేస్త్రి గడ్డం గోక్కుంటూ నన్నే చూస్తున్నాడు. ఇక నా ప్లాను పొయ్యిలోకే అనుకున్నాను.

కానీ ఆ సిగ్గులోంచే ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. ముందు గది గోడ గీతను కాలితో చెరిపేశాను.

"లేవకుండ్రి! జర ఎన్కకు జరుగుండ్రి."

వాళ్లు చాటలతో సహా జరిగి, హాయిగా సర్దుకున్నాక, వీపుల వెనకాలే కొత్త గీత పోశాను. "గది చిన్నగైంది అక్కా" అంటే, "అండ్ల పండుకునుడే కద" అంది.

మేస్త్రి ఆ గీతల మధ్య ఓసారి నడిచి వచ్చాడు. గడ్డపార పట్టుకున్న కూలీ ఎక్కడ మొదలుపెట్టాలని ఆయన్ని అడిగాడు.

"నన్నెందుకు అడుగుతవ్? ఇల్లు గీసింది ఆమె. ఆమెనే అడుగు."

వేలితో చూపించాను. గడ్డపార దిగింది.