వాడి మాట ఆగినచోట

మా ఇంటి వరండాలో ఒక బండ కదులుతుంది. కాలు పెడితే పక్కబండకు తగిలి టక్ టక్ అని రెండుసార్లు మోగుతుంది. కాస్త సిమెంటు పెట్టిస్తే అరగంట పని. మా ఆవిడ ఎన్నేళ్లుగానో మొత్తుకుంటూనే ఉంది. "ఊరంత బండలు అమ్ముకుంటది గని, మా ఇంట్ల ఒక్క బండ సక్కగ కూసోదు. గిదేం తాండూరో, గీయనేం పంతులో!" అని చుట్టాల ముందు కూడా అంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా గొంతు దానంతటదే లేవబోతుంది. లేచినట్టే లేచి ఆగిపోతుంది. దయ్యాలను నేను నమ్మను. బండ బాగుచేయించడానికి మాత్రం నాకు ధైర్యం లేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు బందయినప్పుడు నేను మెట్రిక్‌లో ఉన్నాను. అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే మా నాయనకు ఒళ్లు మండి, నాపరాయి గనిలో బండలు లారీకెత్తే పనికి తోలాడు. అక్కడ దొరికాడు వాడు. నా ఈడువాడే. గడ్డపార పెట్టి బండ పొరను లేపడంలో పెద్దవాళ్లకు కూడా తీసిపోడు. వాళ్ల నాయన అదే గనిలో పనిచేసి, దగ్గి దగ్గి, ముప్పై ఐదేళ్లు దాటకుండానే పోయాడు. ఇంట్లో వాడూ వాళ్లమ్మా, అంతే. ఇంట్లో ఉర్దూ, గనిలో తెలుగు, సరిహద్దు అవతలి నుంచి వచ్చే కూలీలతో కన్నడం మాట్లాడేవాడు. వాడి అమ్మను వాడు అమ్మీ అనేవాడు, నేనూ అదే అన్నాను.

వాడు పాడేదాన్ని పాట అనొచ్చో లేదో నాకిప్పటికీ తెలియదు. రాగం ఉండదు. ఉత్త మాటే. పాలిష్ పట్టిన రెండు సన్నని బండ బిళ్లలు కుడిచేతి వేళ్ల మధ్య ఇరికించుకుని, టకటకలాడిస్తూ ఆ దరువు మీద మాటను పరుగెత్తించేవాడు. ఎదురుగా ఏది కనిపిస్తే అదే వాడికి సరుకు.

"బస్సొచ్చె బస్సొచ్చె మోమిన్‌పేట బస్సొచ్చె
దిగెటోడు దిగకముందె ఎక్కెటోడు మీదికొచ్చె
కండక్టరు అరుపొచ్చె, మేకపిల్ల ఏడుపొచ్చె
రెక్క వట్టి గుంజుతుంటె ముసలవ్వకు నవ్వొచ్చె!"

ఈ నాలుగు పాదాలూ ఒక్క ఊపిరిలో. వింటున్నవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు, వాడు కాదు. ఈమధ్య నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఫోన్లో ఎవరో టోపీ వెనక్కి తిప్పుకుని గబగబా మాటలనడం చూపించి, "ఇది అమెరికాల పుట్టింది సార్" అన్నాడు. పుట్టనీ! మా తాండూరులో నేను దాన్ని బండలారీ మీద కూర్చుని విన్నాను.

నాలుగేళ్లలో వాడు తెలియని మనిషి లేడు. వికారాబాద్ పోయే ప్యాసింజర్‌లో వాడెక్కిన పెట్టెలోకి మనుషులు వేరే పెట్టెల నుంచి దిగి వచ్చేవాళ్లు. బస్టాండు హోటలాయన తన నీళ్లచాయ్ మీద వాడు కట్టిన మాటలు విని, కోపం రావాల్సింది పోయి, రోజూ ఉచితంగా చాయ్ పోశాడు. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు. నవాబుపేట నుంచి, మోమిన్‌పేట నుంచి బండి కట్టి పంపేవాళ్లు.

వాడి పక్కన నేను. నా పని అందుకోవడం. ఎంతటివాడైనా ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోవాలి కదా. అలా తీసుకోవాల్సినప్పుడు బిళ్లలు రెండుసార్లు గట్టిగా కొట్టేవాడు. టక్ టక్. వెంటనే పాదం చివరి మాట నేను అందుకునేవాడిని. ఆ సందులో వాడు గాలి పీల్చుకుని మళ్లీ ఎత్తుకునేవాడు. మాట తెగినట్టు ఎవరికీ తెలియకూడదు. అతుకు కనపడకపోవడమే మా పనితనం. చదువుకుంటున్నానని నన్ను "పంతులూ" అనేవాడు. "పంతులూ, నువ్వు నా వెనక టైరువి రా బై. నువ్వు లేకుంటె బండి కూలవడ్తది" అనేవాడు.

మొదట పాదానికొక మాట అందుకునేవాడిని. తరువాత సగం పాదం. ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను గాని, టక్ టక్ త్వరత్వరగా వినబడసాగింది. ఒకరోజు గనిలో గట్టు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"అమ్మీకి చెప్పకు" అన్నాడు.

అమ్మీ మాట నాకూ తెలుసు. భర్త పోయిననాడే కొడుకుతో తెగేసి చెప్పిందామె. "నీకు దగ్గు సురువైన దినం గీ ఊర్ల ఉండేది లేదు. మోమిన్‌పేట అవతల పల్లెల మామ కాడికి తోల్కపోత. ఎడ్లు కాసుకొని బతుకుతవు గని, గీ దుమ్ముల సావనియ్య." అన్నంత పని చేసే మనిషి. మామ ఊళ్లో ఎడ్లున్నాయి, దుమ్ము లేదు, బతుకుంది. కాని అక్కడ వాడి మాట వినడానికి మనుషులు లేరు. వాడి భయం చావు గురించి కాదు, వినేవాళ్లు లేకపోవడం గురించి. నా భయం ఇంకా సిగ్గుమాలినది. వాడు పోతే నేను ఎవడి పక్కన నిలబడాలి?

"చెప్పను పో" అన్నాను. ఇంత తేలిగ్గా అన్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా అందుకోవడం మొదలుపెట్టాను. అమ్మీ ముందు వాడొక మాట మొదలుపెట్టి ఆయాసంతో ఆగితే, నేను టక్కున పూర్తిచేసేవాడిని. "అమ్మీ, రేపు పొద్దుగాల..." అని వాడంటే "నవాబుపేట పోవాలె, చద్ది గట్టు" అని నేను. ఆమెకు నవ్వులాట. "ఇద్దర్కి కలిపి ఒక్కటే నాలికె ఇచ్చిండు దేవుడు!" అని రొట్టెలు చేస్తూ పకపకా నవ్వేది. రాత్రి దగ్గు వినబడకుండా వాడు మా ఇంటి మిద్దె మీద పడుకునేవాడు. బీడీ దగ్గని మా నాయన తిట్టేవాడు. ఇలా మూడేళ్లు మేం ఒక కన్నతల్లి కళ్లు కప్పాం.

పీర్ల పండుగ చివరి రోజు, పీర్లను కాగ్నా వాగు ఒడ్డుకు తీసుకుపోయేటప్పుడు, రెండు జట్లు ఎదురెదురుగా నిలబడి మాటకు మాట అనుకోవడం మా దగ్గర ఉండేది. మూడో ఏడు వాగవతలి కన్నడ ఊరి జట్టు వచ్చింది. పట్టపగలు, ఎర్రటి ఎండ, ఒడ్డు నిండా జనం. వాడు ఎత్తుకున్నాడు, రెండు పాదాలు కాకుండానే టక్ టక్. అందుకున్నాను. తిరిగి ఇద్దామని చూస్తే వాడు తీసుకోలేదు. మళ్లీ టక్ టక్. ఇంక నేనే వాడి గొంతు తెచ్చుకుని కానిచ్చాను. వాడు పెదవులు కదుపుతూ బిళ్లలు ఆడించాడు, మాట నేనన్నాను. అవతలి జట్టు తల వంచింది. జనం వాణ్ని భుజాల మీదికెత్తుకున్నారు. పైన కూర్చుని వాడు గాలికోసం నోరు తెరుస్తుంటే, నవ్వుతున్నాడనుకుని కింద ఈలలు వేశారు. నిజం చెప్పాలి: భయం కంటే ముందు నాకు గర్వం వేసింది. ఇంతమందిని బురిడీ కొట్టించానే అని.

దుబాయి నుంచి వచ్చిన ఒకాయన ఆ రోజు టేప్‌రికార్డరు తెచ్చి అదంతా రికార్డు చేశాడు. ఆ క్యాసెట్టు వాడు పోయాక బస్టాండు హోటల్లో ఏళ్లకేళ్లు మోగింది. నేను చాయ్ తాగుతుంటే పక్కబల్ల మీద ఎవరో ఒకరు వేలెత్తేవాళ్లు. "ఆగు, గిప్పుడు ఇను! ఏం ఊపిరి రా బై వానిది! యాడన్న తెగిందా?" వాళ్లు వేలెత్తేది సరిగ్గా నా గొంతు మొదలయ్యేచోటే. నేను చాయ్ సగంలో వదిలేసి లేచిపోయేవాణ్ని. అది నేననీ, వాడికి ఊపిరి లేదనీ ఒక్కసారి కూడా చెప్పలేదు. చివరికి ఆ హోటలుకు పోవడమే మానేశాను.

పండుగైన రెండు నెలలకు నవాబుపేటలో పెళ్లి. పందిట్లో వాడు ఎత్తుకున్నాడు. టక్ టక్. అందుకున్నాను. కళ్లు మూసుకుని ఊగిపోతూ అంటున్నాను. జనం చప్పట్లు. బిళ్లల దరువు ఆగిపోయిందని కూడా గమనించలేదు నేను. ఎంతసేపటికో ఒక ఆడమనిషి కేక వేస్తే కళ్లు తెరిచాను. వాడు నేల మీద కూర్చుని ఉన్నాడు. నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు ఎర్రగా ఉంది. వాడు రక్తం కక్కుకుంటున్నంతసేపూ నేను వాడి గొంతుతో పాడుతూనే ఉన్నాను.

ఆ తెల్లారే వికారాబాద్ గుట్ట మీది క్షయ ఆస్పత్రికి తీసుకుపోయాం. తాండూరు నుంచి అమ్మీ వచ్చింది. డాక్టరు నెమ్మదైన మనిషి. ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆయాసం ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"రొండు నెల్లాయె సాబ్. పెండ్లిండ్లని మస్తు తిరిగిండు గదా" అంది అమ్మీ.

డాక్టరు ఫిల్మ్ వైపు చూసి, ఆమె వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. వాడు మంచం మీద కళ్లు మూసుకున్నాడు.

"మూడేండ్లు" అన్నాను.

అమ్మీ నా వైపు తిరిగింది. తిట్టలేదు. కొట్టినా బాగుండేది. నేను ఆమెకు కొత్తమనిషినైనట్టు నా నోటివైపే చూసింది. మొదట్లోనే తీసుకొస్తే మందులకు లొంగేదని డాక్టరు మెల్లగా చెప్పాడు. ఆ తరువాత ఆమె నాకు అన్నం పెట్టడం మానలేదు గాని, మాట్లాడడం మానేసింది. వార్డులో ఆ మంచానికి అటు ఆమె, ఇటు నేను.

అప్పుడొక ఒట్టు పెట్టుకున్నాను. ఇక వాడి మాట నేను చెప్పను, ఎంతసేపైనా వాడే చెప్పుకోవాలి, నేను నోరు తెరవకూడదు. నర్సు ఏదైనా అడిగి, వాడు మధ్యలో ఆగి నావైపు చూసినా, పళ్లు బిగబట్టుకుని కూర్చునేవాడిని. తప్పు దిద్దుకుంటున్నానని అనుకున్నాను, మూర్ఖుణ్ని.

ఇరవై రోజులు గడిచాయి. బట్టలు తెచ్చుకుంటానని అమ్మీ తాండూరు పోయింది, సాయంత్రం ప్యాసింజర్‌కు తిరిగొస్తానని వాడికి చెప్పింది. మధ్యాహ్నం కిటికీ అవతల అడవిలో ఎవరో కట్టెలు కొడుతున్నారు. ఆ దరువు వింటూ వాడు కళ్లు తెరిచాడు. మొహం తేటగా ఉంది. కోలుకుంటున్నాడనే అనుకున్నాను.

"పంతులూ" అన్నాడు. "అమ్మీకి చెప్పు..."

ఆగాడు. గాలి అందలేదు. వేళ్లు మంచం ఇనుప పట్టీ మీద కదిలాయి. టక్ టక్.

నేను అందుకోలేదు. వాడే చెబుతాడని, చెప్పాలని, ఎదురుచూశాను. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి ఒక్క దెబ్బే వినబడింది. రెండోది పడలేదు.

నర్సును పిలిచాను. అందరూ పరుగెత్తుకొచ్చారు. లాభం లేకపోయింది. ఇరవై ఐదేళ్లైనా నిండలేదు వాడికి.

సాయంత్రం స్టేషనుకు పోయి నిలబడ్డాను. బండి ఆగింది. అమ్మీ మూట చంకన పెట్టుకుని దిగింది. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. మూట కింద పెట్టి, దాని పక్కనే ప్లాట్‌ఫారం బండల మీద కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. బండి వెళ్లిపోయింది, జనం పలచబడ్డారు. అప్పుడు, ఇరవై రోజుల తరువాత మొదటిసారి, నాతో మాట్లాడింది.

"నన్నడిగిండా? ఏమన్నడు?"

ఆ తల్లిని అలా చూస్తూ నా ఒట్టు మర్చిపోయాను. "అమ్మీకి చెప్పు, ఫికర్ జేయొద్దు అన్నడు" అన్నాను. అలవాటైన నోరు. అతుకు కనపడకుండా, వాడి గొంతులోనే అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "వాని మాట యాడ ఆగింది?" అంది.

నేను వంగి మూట ఎత్తబోయాను. ఆమె దాని మీద చెయ్యి వేసి ఆపింది.

"మూడేండ్లు నీ మాటను నా కొడుకు మాటనుకొని ఇన్న బేటా. నవ్వుకుంట ఇన్న. ఇయ్యాల్నన్న వాని మాట వానిదే ఇయ్యి నాకు. యాడ ఆగిందో గంతవరకే చెప్పు."

"అమ్మీకి చెప్పు" అన్నాను. "గంతే అన్నడు."

ఇంకా ఏమైనా వస్తుందేమో అన్నట్టు ఆమె తల కొంచెం పక్కకు వంచి ఆగింది. ఏమీ రాలేదు.

"ఆఁ, చెప్పు బేటా, ఇంటున్న" అంది. ఆ మాట నాతో అన్నది కాదు.