ఇవాళ బందా?

తార్నాకలో మా ఇంటి ఓనరు ఆంటీది గుంటూరు వైపు. క్యాంపస్‌లో పాఠాలు చెప్పేవారు. రోజూ గేటు దగ్గర నన్నడిగేవారు, "ఇవాళ బందా అమ్మా?"

"కాదాంటీ, బస్సులు నడుస్తున్నయ్."

చెప్పులేసుకుని మళ్లీ అదే అడిగేవారు. తెలంగాణ ఉద్యమం రోజులు, ఊరంతా అడిగే మాటే అది. ఆంధ్రావాళ్లకు భయమెక్కువని నవ్వుకున్నాం.

రాష్ట్రం వచ్చింది, బందులు ఆగాయి, ఆంటీ రిటైరయ్యారు. ప్రశ్న ఆగలేదు. అప్పుడుగానీ అంకుల్ ఆవిడను డాక్టరుకు చూపించలేదు. "మతిమరుపు జబ్బు. మొదలై చాలా ఏళ్లయింది. అప్పుడే తీసుకురావాల్సింది" అన్నాడు డాక్టరు.

మర్నాడు ఆంటీ బ్యాగు తగిలించుకుని గేటు దగ్గరికొచ్చారు. "ఇవాళ బందా అమ్మా?"

"అవునాంటీ, బంద్. లోపటికి పోదాం రాండ్రి."

"పోన్లే, ఆ పాఠం రేపు చెబుతా" అన్నారు.