గులాబీల మాస్టారి మధ్యాహ్నం రీడింగు

మా ఆయన్ని బేకరీలో అందరూ గులాబీల మాస్టారు అంటారు. పెద్ద కేకుల మీద పెట్టే పంచదార గులాబీలు చేయడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. పంచదార పొడిలో తేనెలా జిగటగా ఉండే లిక్విడ్ గ్లూకోజ్ పోసి ముద్ద చేస్తారు. అది పోయకపోతే రేకు వంచగానే పగిలిపోతుందట. ఆ ముద్దను వేళ్ల మధ్య పల్చగా నొక్కుతూ ఒక్కో రేకూ అతికిస్తారు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. తీపి మాత్రం పెద్దగా ముట్టరు. "పొద్దస్తమానం చూసి చూసి మొహం మొత్తిందే" అంటారు. అలాంటి మనిషికి షుగర్ వచ్చిందని తెలిసిన రోజు నవ్వాలో ఏడవాలో నాకు అర్థం కాలేదు.

డాక్టరుగారు ఒక మాత్ర రాసి, అన్నం, బ్రెడ్డు తగ్గించమన్నారు. మా ఆయనకు ఏ పనీ సగం సగం చేయడం చేతకాదు. తగ్గించమంటే పూర్తిగా మానేశారు. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం చేపముక్క, క్యాబేజీ, సాయంత్రం గుప్పెడు పల్లీలు. నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గారు, ప్యాంటు నిలవక బెల్టుకు నేనే కొత్త చిల్లు పొడిచాను.

వేలు పొడిచి షుగర్ చూసుకునే మిషన్ కూడా కొన్నాం. పొద్దున లేవగానే ఇంట్లో ఒకసారి, మధ్యాహ్నం అన్నాల వేళకు ముందు బేకరీలో ఒకసారి, సాయంత్రం స్నానమయ్యాక ఇంట్లో ఒకసారి. ఒక నోట్‌బుక్‌లో అంకెలన్నీ ముత్యాల్లా రాసేవారు. పొద్దున నూట పద్దెనిమిది, సాయంత్రం నూట అయిదు. మధ్యాహ్నం మాత్రం రెండు వందల ముప్ఫై, రెండు వందల అరవై!

నా నోరు మంచిది కాదు, నేనే ఒప్పుకుంటున్నాను.

"రెండు గుడ్లు తిన్న మనిషికి రెండు వందల అరవై ఎలా వస్తుందండీ? నా చెవిలో పువ్వు పెడుతున్నారా?"

"నేనేం తినలేదే బాబూ!"

"మరి గాలి పీలిస్తే వచ్చిందా?"

అంతటితో ఊరుకున్నానా? బేకరీ ఓనరమ్మకు ఫోన్ చేసి, మాస్టారు కేకు ముక్కలేమైనా నోట్లో వేసుకుంటున్నారేమో ఒక కన్నేసి ఉంచమన్నాను. ఆవిడ నవ్వుతూ ఆ మాట ఆయనతోనే అన్నదట. పది మంది పనివాళ్ల ముందు మా ఆయన తల దించుకుని రేకులు నొక్కుకుంటూ కూర్చున్నారట. మర్నాటి నుంచి పొద్దున గుడ్లు కూడా ఒకటికి తగ్గించేశారు.

నోట్‌బుక్ చూసి డాక్టరుగారు పొద్దున వేసుకోమని రెండో మాత్ర రాశారు. అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆయనకు చెమటలు, వణుకు. చేతిలో రేకులు చిరిగిపోతున్నాయని వాపోయేవారు. షుగర్ ఎక్కువైనందుకే ఈ వణుకని నేను తేల్చేశాను. నాకేదో పెద్ద తెలిసినట్టు! మళ్లీ వెళ్తే డాక్టరుగారు, "మూడు నెలల సగటు చూపించే రక్తపరీక్ష చేయించండి. సోమవారం నుంచి ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం రిపోర్టు కోసం ల్యాబుకు వెళ్లాం. ఆయన పని మధ్యలో ఏప్రన్‌తోనే వచ్చేశారు. అక్కడ రక్తం తీసే ఆవిడ పొట్టిగా, చలాకీగా ఉంటుంది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతికే రకం. రిపోర్టు చూసింది, నోట్‌బుక్ చూసింది, మళ్లీ రిపోర్టు చూసింది.

"మూడు నెలల సగటు ఆరు శాతమే ఉంది. ఇంత చక్కగా ఉంటే ఈ మధ్యాహ్నం అంకెలు ఎవరివండీ?"

"ఈయనవే అమ్మా. దొంగతిండి" అన్నాను నేను ఊరుకోలేక.

ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. తర్వాత ఆయన్నే అడిగింది: "మధ్యాహ్నం ఎక్కడ చూసుకుంటారు?"

"పని బల్ల దగ్గరేనండి. స్పిరిట్ దూదితో వేలు శుభ్రంగా తుడుచుకునే పొడుచుకుంటాను."

"ఏం పని చేస్తారు?"

ఆయన గులాబీల సంగతి చెప్పారు. లిక్విడ్ గ్లూకోజ్ అన్న మాట రాగానే ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుంది. "ఇప్పుడు నా ముందు, రోజూ ఎలా చూసుకుంటారో అలాగే చూసుకోండి" అంది.

ఆయన సంచిలోంచి మిషన్ తీసి, దూదితో వేలు తుడుచుకుని పొడుచుకున్నారు. రెండు వందల డెబ్భై ఒకటి. నేను నోరు తెరవబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఆయన్ని కుళాయి దగ్గరకు పంపి, సబ్బుతో గోళ్ల సందుల దాకా రుద్ది కడిగించింది. పొడిగా తుడిపించి ఇంకో వేలు పొడిచింది.

అరవై ఆరు.

ఆవిడ ముఖంలో రంగు మారింది. "అమ్మో! కూర్చోండి, కదలకండి" అంటూ గ్లాసులో గ్లూకోజ్ కలిపి తనే పట్టించింది. మా ఆయన ఆ గ్లాసు పట్టుకుని, తాగొచ్చా అన్నట్టు నావైపు చూశారు.

పావుగంటకు తొంభై ఎనిమిది వచ్చింది. ఈలోగా ఆవిడే డాక్టరుగారికి ఫోన్ చేసింది. రెండో మాత్ర ఆపేయమన్నారు, సాయంత్రం రమ్మన్నారు, ఇన్సులిన్ ఊసే వద్దన్నారు. ఆవిడ మాకు విడమరిచి చెప్పింది. "మిషన్ తప్పు కాదు, మీ తప్పూ కాదు. వేలికి అంటుకున్న గ్లూకోజ్ దూదికి పోదు, రక్తం చుక్కలో కలిసిపోతుంది. అసలు షుగరేమో ఈ తిండికీ, రెండు మాత్రలకీ పడిపోతోంది. ఆ వణుకు అందుకే. అన్నం మానేశానని డాక్టరుగారికి చెప్పారా?"

"తగ్గించానన్నానండి."

"మానేశానని చెప్పాలి. తిండిని బట్టే మాత్ర. పొద్దున కాస్త ఎక్కువ ఉందని కంగారు పడకండి. ఇలాంటి తిండి తినేవాళ్లలో కొందరికి పొద్దుటి అంకె కాస్త పైనే ఉంటుంది. ఒక్క అంకె చూసి హడలిపోకూడదు, అన్నీ కలిపి చూడాలి."

సోమవారం ఆ సూది పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. ఆవిడ పని రిపోర్టు చేతిలో పెట్టి పంపడం వరకే. అంతకు మించి అడగాల్సిన అవసరం ఆవిడకు లేదు. అడిగింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాను. "మీరు పది కాలాల పాటు చల్లగా ఉండాలమ్మా" అన్నాను. ఆవిడ సిగ్గుపడిపోయి, "నా కళ్లజోడు చూశారా?" అంది.

బయట మెట్ల మీద ఆయన్ని కాసేపు కూర్చోబెట్టాను. "మిమ్మల్ని దొంగని చేశాను. పది మందిలో పరువు తీశాను. నన్ను క్షమించండి" అన్నాను.

ఆయన తన వేళ్లవైపు చూసుకున్నారు.

"నువ్వన్నది నేనూ నమ్మేశానే. నాకు తెలియకుండా తినేస్తున్నానేమో అనుకున్నా. రోజూ పని దిగేముందు, ఎవరూ చూడకుండా, కేకు ముక్కలేమైనా ఉన్నాయేమోనని నా జేబులు నేనే వెతుక్కునేవాణ్ణి."