రెండు అధ్యాయాలు ఎక్కువున్న బైబిల్

మా సంఘ పెద్దను నేను క్షమించలేదు. క్షమించమని ప్రతి ఆదివారం చెప్పే గుడిలోనే కూర్చుని, ఆయన వీపు చూస్తూ పళ్ళు కొరుక్కుంటాను. పాపమైతే పాపమే కానీ.

తిరుత్తణిలో మాది చిన్న తెలుగు సంఘం. ఆదివారం మధ్యాహ్నం గుడి వెనక గదిలో ఆడవాళ్ళకు బైబిల్ పాఠం ఉండేది. వచ్చేవాళ్ళంతా కూలికో, ఇళ్ళల్లో పనికో పోయేవాళ్ళు. మా అమ్మతో సహా చాలామందికి చదువు రాదు. నేను తమిళ బడిలో చదివినదాన్ని, తెలుగు అక్షరాలు అప్పట్లో నాకూ రావు. అందుకని తమిళ బైబిల్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళతో తమిళం చదువుతూ నోటితో తెలుగు చెప్పేదాన్ని. మా వైపు అందరూ చేసేదే ఇది. వారమంతా తిరువళ్ళూరు దగ్గర ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో నిలబడి సూపర్‌వైజర్ చేత తిట్లు తినే నాకు ఆ ఒక్క గంటే ప్రాణం. అక్కడ నా మాట వినేవాళ్ళుండేవారు.

నా బైబిల్ కుట్లు ఊడి పేజీలు రాలిపోతుంటే, పూండి నుంచి మా ఫ్యాక్టరీకి పనికొచ్చే ఒక అక్క వాళ్ళమ్మ వాడిన పాత తమిళ బైబిల్ ఇచ్చింది. వాళ్ళు ఆర్.సీ. గుడికి, అంటే కాథలిక్కుల గుడికి పోయేవాళ్ళు. బైబిల్ అంటే బైబిలే కదా అనుకున్నాను. వాళ్ళ దాంట్లో మన దాంట్లో లేనివి కొన్ని ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి నా చేత పాఠం చెప్పించుకున్న ఆ పెద్దమనిషీ చెప్పలేదు.

ఆ వారం పాఠం ఒక ప్రవక్త గ్రంథం. రైల్లో వస్తూ పోతూ చదివాను. చివర్లో నేనెప్పుడూ చూడని రెండు అధ్యాయాలున్నాయి. ఇన్నాళ్ళూ సరిగ్గా చదవలేదేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆదివారం మొదటిది చెప్పాను. ఒకామె తోటలో స్నానానికి పోతే ఇద్దరు పెద్దలు పొంచి ఉండి, తమకు లొంగలేదని ఆమె మీదే రంకు కడతారు. జనం పెద్దల మాటే నమ్మి ఆమెకు చావుశిక్ష వేస్తారు. అప్పుడొక యువకుడు లేచి, ఆ ఇద్దరినీ విడదీసి, ఏ చెట్టు కింద చూశారని ఒక్కొక్కరినే అడుగుతాడు. ఒకడు ఒక చెట్టంటాడు, రెండోవాడు ఇంకొకటంటాడు. ఆమె బతికిపోతుంది.

మా అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నాన్న చనిపోయిన ఏడాదే ఎవరో ఆమె మీద లేనిపోని మాట పుట్టిస్తే, ఇదే సంఘంలో ఆమెను లేపి నిలబెట్టి అడిగారు. అడిగినవాళ్ళలో ఈ పెద్దమనిషి ఒకడు.

కథ ఆయన చెవిన పడింది. మరుసటి ఆదివారం తన తెలుగు బైబిల్ తెచ్చి అందరి ముందూ నా చేతిలో పెట్టాడు.

"యాడుందమ్మా ఆ కథ? తీసి చూపించు."

నాకు తెలుగు చదవడం రాదని ఆయనకు బాగా తెలుసు. పేజీలు అటూ ఇటూ తిప్పాను.

"నాకు తెలుగు రాదు గదా మామా, నా తమిళ బైబిల్లో ఉంది."

"అది మన బైబిలా? పెద్దోళ్ళని చెడ్డోళ్ళుగా చూపించే కథలు తెచ్చి దేవుని మాటంటావా?" అని మా అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పక్కా, పోయిన వారం నీ కూతురు ఏం చెప్పింది?"

అమ్మ చాప కేసి చూస్తూ అంది. "నాకేం తెలుసన్నా, నేను నిద్రపోతా ఉండినాను."

"పోదుం," అని తమిళంలో కసిరాడు. "ఇంక చాలు. ఇకమీద నువ్వు పాఠం చెప్పొద్దు."

ఇప్పుడు ఆయన కోడలు ఫోన్‌లో ప్రసంగం పెడుతుంది, ఆడవాళ్ళు ఆవలిస్తూ వింటారు. నేను మాత్రం పంతం పట్టి తెలుగు చదవడం నేర్చుకున్నాను. నేర్చుకోగానే మొదట చూసింది ఆ గ్రంథం చివరే. ఆ అధ్యాయాలు నిజంగానే లేవు. ఆ ఒక్క ముక్కలో ఆయనదే సరి. అది ఒప్పుకోవాల్సి వచ్చినందుకు కోపం ఇంకా పెరిగింది.

మొన్నొక సాయంత్రం అమ్మ వెల్లుల్లి ఒలుస్తూ, "ఆ తోటలో ఆయమ్మ కథ ఇంగోసారి చెప్పు," అంది.

"పోయి నీ అన్నని అడుగు," అన్నాను.

అమ్మ ఒలవడం ఆపకుండానే తనే మొదలుపెట్టింది. తోట, స్నానం, పొంచి ఉన్న ఇద్దరు, వాళ్ళు చెప్పిన చెట్లు, నేను చెప్పిన వరసలోనే, ఒక్క మాట పోకుండా చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత గుర్తున్నదానివి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు?"

అమ్మ వెల్లుల్లి పొట్టు చేటలోకి ఎత్తుతూ అంది. "చెప్పుంటే నన్ను మళ్ళా లేపి నిలబెట్టుందురు గదమ్మా."