కంప్యూటర్ చావుకు పంచనామా

శవాన్ని మాయం చేశాడని యాసిన్‌ను కంప్యూటర్ గదిలోంచి వెళ్లగొట్టారు. రెండువేల ఏడు ఎండాకాలం, గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీ. చచ్చింది మనిషి కాదు, అక్కడి లెక్కలన్నీ నడిపే పెద్ద కంప్యూటర్, యూనిక్స్ సర్వర్.

ఆ మిషను ఉన్నట్టుండి కుప్పకూలితే, ఆ క్షణాన దాని మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద ఒక పెద్ద ఫైలుగా పడుతుంది. దాన్ని డంప్ అంటారు. ఎందుకు కూలిందో ఇంజినీర్లు అందులో చూసి చెబుతారు. అయితే కూలినప్పుడల్లా ఒకటి పడుతుంది. అన్నీ ఉంచితే డిస్కు నిండి, రైతులకిచ్చే తూకం చీటీలు అచ్చు కావు. అందుకే ఆపరేటర్ యాసిన్ చివరిది ఉంచి, పాతవి చెరిపేసేవాడు.

మేనేజరు వెంకట్రాములు ఆ గది ఏసీని పీకించి తన గదిలో పెట్టించుకున్నాడు. అప్పటినుంచి మిషను రోజూ కూలడం మొదలైంది. హెడ్డాఫీసు కారణం అడిగింది.

"సాక్ష్యమంత యాసిన్ చెరిపేసిండు సార్. శవాన్ని మాయం చేసినట్టే గద!" అన్నాడు మేనేజరు ఫోనులో.

అంతే. యాసిన్ గోదాములో నా పక్కన బస్తాల మూతులు కుట్టే పనిలో పడ్డాడు. అక్కడికీ ఇస్త్రీ చొక్కాతోనే వచ్చేవాడు. తన కుర్చీ మళ్లీ తనకు వస్తుందని అతని నమ్మకం. నాకు ఆ కంపెనీలో తూకం రాళ్ల మీద కూడా నమ్మకం లేదు.

తర్వాత మేనేజరు ఆర్డరు వేశాడు: పంచనామా లేకుండా ఏ డంపునూ చెరపరాదు. డిస్కు నిండింది. చీటీలు ఆగిపోయాయి. చీటీల కోసం వరండాలో పడిగాపులు కాస్తున్న రైతుల్లో ఐదుగురిని పంచులుగా, అంటే పంచనామాకు సాక్షులుగా, లోపలికి తోలారు.

"శవమేది సార్?" అన్నాడు అమరచింత గోవిందు, తలకు చుట్టిన రుమాలు విప్పి చేత పట్టుకుని.

"గా డబ్బాల ఉన్నది," అన్నాడు వెంకట్రాములు.

"వాసనైతే వస్తలేదు."

"గాయాలున్నయా, లేవా? గంతే చెప్పు."

శంకరయ్య అనే ముసలి రైతు డబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "సచ్చినోడు సల్లగుంటడు. గిది పెనం లెక్క కాలుతున్నది. జరమొచ్చింది సార్ దీనికి!"

వెంకట్రాములు సీరియస్‌గా రాయించాడు: గాయాలు లేవు, జ్వరం కలదు.

"దగ్గరోళ్లెవరూ లేరా దీనికి?" అన్నాడు గోవిందు.

యాసిన్‌ను పిలిపించారు. చేతిలో దబ్బనంతోనే వచ్చాడు. "పాతయి తీసేసి, ఆఖరిది సీడీల ఎక్కించి హెడ్డాఫీసుకు పంపుదం సార్."

"పంచులు ఒప్పుకుంటె."

పొద్దుగూకక ముందే కానివ్వమన్నారు పంచులు. వాళ్లకు చీటీలు కావాలి. యాసిన్ ఆఖరిది సీడీకెక్కించి పంపి, పాతవి చెరిపాడు, డిస్కు ఖాళీ అయింది, చీటీలు వచ్చాయి. ఐదుగురూ బయట నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని మరీ బస్సెక్కారు.

కొన్నాళ్లకు హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. వేడికి మెమరీ చెడి మిషను కూలుతోంది, ఆపరేటర్ తప్పు లేదు, ఏసీని వెంటనే కంప్యూటర్ గదిలో పెట్టండి. ఆ మర్నాడు యాసిన్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

ఏసీ తిరిగి వచ్చింది. ఏసీ వెనకే వెంకట్రాములు కూడా బల్లతో సహా వచ్చాడు. బల్ల పోగా ఆ గదిలో ఒక్క కుర్చీకే చోటు మిగిలింది. చెడిన మెమరీని ఎవరూ మార్చలేదు గనక మిషను అప్పుడప్పుడూ కూలుతూనే ఉంది. డంప్ పడినప్పుడల్లా యాసిన్ గోదాము నుంచి వెళ్లి, నిలబడే చెరిపి, మళ్లీ బస్తాల దగ్గరికి వచ్చేవాడు.

నేను పని మానేసిన రోజు అడిగాను, "ఆయన మీద కోపం రాదా యాసిన్ భాయ్?"

దబ్బనంలో పురికొస ఎక్కిస్తూ తలెత్తకుండా అన్నాడు:

"ఎందుకు రాదు తమ్మీ, రోజూ వస్తది. అన్ని దాచిపెట్టుకుంటె జాగ యాడికెల్లి తేవాలె? పాతయి తీసేస్త. ఆఖరిదొక్కటి ఉంచుకుంట. రేపెవడన్న అడిగితె సూపియ్యాలె గద."