షౌవా అడిగిన ప్రశ్నలు

అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో, రైతుబజారులో షౌవా లోర్ నిమ్మగడ్డి, చేదాకులు, మిరపకాయలు అమ్మేది. బేరమాడేవాళ్ళతో నవ్వుతూనే మాట్లాడేది గానీ ధర మాత్రం దించేది కాదు. ఆ వేసవిలో ఆమె కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచి, చెప్పు తొడగడమే గగనమైపోయింది. గౌట్ అనే కీళ్ళవాతం అన్నారు ఆసుపత్రిలో. ఆసియా కొండల నుంచి వలస వచ్చిన ఆమె జాతివాళ్ళ, హ్మాంగ్‌ల, ఇళ్ళల్లో ఆ నొప్పి ఎరగని గడప అరుదు.

"కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నాం. మీవాళ్ళు ఇలాంటివాటికి రారు. దాంతో మీ ఒంటికి ఏది పడుతుందో మాకు సరిగ్గా తెలియడం లేదు. మీరు చేరతారా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఫోనులో దుబాసీ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మందు మీ మీద వేసి చూస్తారట."

ఆదివారం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పగానే బావగారు చొంగ్‌నెంగ్ చెంచా కింద పెట్టేశాడు. ఇంటిపేరువాళ్ళందరికీ ఆయనే పెద్ద.

"ఎలుకలు దొరక్క నిన్ను పిలిచారా అమ్మాయ్? పరీక్షలకని రక్తమూ తీస్తారు, అది మళ్ళీ ఊరుతుందనుకున్నావా?"

"ఊరుతుందో లేదో వాళ్ళనే అడుగుదాం, మీరూ రండి బావగారూ. ఇక్కడ కూచుని అరిస్తే వాళ్ళకేం వినపడుతుంది?"

కోడళ్ళు నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తారు.

ఇద్దరూ వెళ్ళారు. ఫోను దుబాసీ వద్దంది షౌవా. "ఎదురుగా కూచుని మా భాషలో చెప్పే మనిషి దొరికాకే మాట్లాడదాం" అని లేచి వచ్చేసింది. కొన్నాళ్ళకు మైయెంగ్ అనే హ్మాంగ్ నర్సును పిలిపించారు.

"మధ్యలో మానేస్తే నా వైద్యం ఆపేస్తారా?"

"ఆపరు పిన్నీ. ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు."

"నాకిచ్చేది కొత్త మందేనా?"

"చెప్పలేం. కొందరికి కొత్తది, కొందరికి ఇప్పుడు వాడుతున్నదే. చీటీ తీసినట్టే. డాక్టరుకీ తెలియదు."

"మరి రక్తం?" అన్నాడు చొంగ్‌నెంగ్.

"కొంచెమే తీస్తారు పెదనాన్నా. ఒంట్లో మళ్ళీ ఊరుతుంది. పరీక్ష అయ్యాక పారేస్తారు. దాచుకోవాలంటే మళ్ళీ మిమ్మల్ని అడగాల్సిందే."

షౌవా చేరింది. ఒకసారి కడుపులో తిప్పి వాంతులయ్యాయి. ఓర్చుకుని ఊరుకోలేదు, వెంటనే ఫోను చేసింది. మోతాదు తగ్గించారు. ఆకులు రాలేనాటికి వాపు తగ్గింది. తను మింగింది ఏ మందో ఆమెకు ఇంకా తెలియదు. ఆ మాట ఎవరడిగినా దాచకుండా చెప్పేది.

చొంగ్‌నెంగ్‌కీ అదే నొప్పి ఉందని అప్పుడు బయటపడింది. ఆసుపత్రిలో ఆయన్నీ చేరతారా అని అడిగారు. అంతా విని, ఆలోచించి, "నాకొద్దు" అన్నాడు.

"మంచిది బావగారూ. తెలుసుకునే వద్దన్నారు. అంతకన్నా ఏం కావాలి?"

మరుసటి వేసవికి షౌవా తన కూరగాయల బల్ల పక్కన ఇంకో కుర్చీ వేసి, శనివారాలు మైయెంగ్‌ని కూచోబెట్టింది. నిమ్మగడ్డికి వచ్చిన తమవాళ్ళను చేయిపట్టుకుని ఆపేది. "మందు పరీక్షలో నేను చేరానని మీరు చేరకండి. ముందు అడగండి. ఈ పిల్ల మన భాషలోనే చెబుతుంది."