కళ్లకద్దుకున్న లేబుళ్లు

ఈ అరబ్బు దేశంలో, ఘుబ్రాలో నేను పనిచేసే ఇంట్లో కీర లేకుండా పూట గడవదు. పొద్దున రొట్టెలోకి కీర, మధ్యాహ్నం పెరుగులోకి కీర, పిల్లల స్కూలు డబ్బాలోకి కీర. మేడమ్ మంచిదే గానీ అనుమానం మనిషి. ప్లాస్టిక్ చుట్టిన ట్రే మీద ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటేనే కొంటుంది. ఆ కాయల్లో పురుగుమందు ఉండదని దాని మీద రాసి ఉంటుందట. అవి ఖబూరా అనే ఊరి దగ్గర ఒక తోటలో కాస్తాయి. ఆ తోటలో మందు కొట్టేది మా ఆయన.

ఈ మాట మేడమ్‌తో అన్నాను కూడా. ఈరోజు మందు కొడితే రేపు కోస్తారంట మేడమ్, అన్నాను. ఆమె నవ్వి, స్టిక్కర్ మీద వేలు పెట్టి చూపించింది. అచ్చులో ఉన్నది నిజం, పనిమనిషి నోట్లో ఉన్నది పుకారు. సరే, తినండి అనుకున్నాను.

మా ఆయన కడప జిల్లాలో పత్తికి మందు కొట్టి కొట్టి ఆరితేరినవాడు. బడి గడప తొక్కలేదు. అయినా కాగితం కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకోకుండా అడుగు ముందుకు వేయడు. మా వైపు అందరం అంతే. చదువు రాని వాళ్లకు సరస్వతి అంటే భయం ఇంకాస్త ఎక్కువ. తోటకు వచ్చిన కొత్తలో, కూలీలంతా ఉండే రూమ్‌లో ఒక పెద్దాయన ఆ భయానికి ఇంకోటి కలిపాడు. ఇక్కడి అక్షరాల్లో వాళ్ల దేవుడి పేరు ఉంటుంది, కాలికింద పడితే ఊరుకోరు, జైలే అన్నాడు. ఆ పెద్దాయనకూ అరబ్బీ రాదు. ఆయనకు ఎవరు చెప్పారో ఆయనకే తెలియదు.

ఒక శుక్రవారం కంపెనీ బండిలో మా ఆయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది.

"మందు డబ్బా చేతికి రాంగానే ముందు కాగితం పీకేస్తాం మే" అన్నాడు.

"పీకి ఏం చేస్తాండారు?"

"దండం పెట్టుకోని పొయ్యిలో యేస్తాం. డబ్బా షెడ్డులో కిందనే ఉంటాది, బురద కాళ్లతో తొక్కుతాండాం. ఖాళీ అయితే బాత్రూమ్‌లో నీళ్లకు పెట్టుకుంటాం. దేవుని రాత ఆడికి పోతే పాపం కాదా?"

అంత ఒబ్బిడిగా ఆలోచించినందుకు నాకు ముచ్చటేసింది. నేనూ కీర మీది స్టిక్కర్‌ను జాగ్రత్తగా ఒలిచి, కళ్లకద్దుకుని, అలమర పైన ఒక డబ్బాలో దాచేదాన్ని. చెత్తలో వేయడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున మా ఆయన రూమ్ మనిషి ఒకతను ఫోన్ చేశాడు. ప్లాస్టిక్ షెడ్డులో మందు కొడుతూ కొడుతూ మీ ఆయన కీర సాళ్ల మధ్య పడిపోయాడు, నోట్లోంచి నురగ వస్తోంది అన్నాడు. మేడమ్ డ్రైవర్‌నిచ్చి పంపింది. ఆ మేలు మరిచిపోను. ఆస్పత్రికి పోయేసరికి మా ఆయన ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, నన్ను చూస్తున్నాడో లేదో కూడా తెలియదు.

డాక్టర్ మనదేశం వాడే. "ఏ మందు? పేరు చెప్పండి, తొందరగా" అని హిందీలో అడిగాడు. రూమ్ మనిషి వెంట తెచ్చిన డబ్బా బల్ల మీద పెట్టాడు. తెల్లటి డబ్బా. శుభ్రంగా, నున్నగా, ఒక్క అక్షరం లేకుండా ఉంది.

"లేబుల్ ఏది?"

"కాల్చేసినాం సార్."

"ఎందుకు?"

"భక్తితో సార్."

డాక్టర్ వెంటనే తోట ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాడు. మా తోటలో విషాలు వాడం, వేపనూనె, సబ్బునీళ్లు అంతే, అన్నాడట ఆ మహానుభావుడు. వేపనూనెకు మనిషి నోట్లోంచి నురగ వస్తుందా? మా అత్త నా పిల్లల తలలకు వేపనూనె రాసింది, ఒక్కరూ పడిపోలేదు. ఇక్కడ మా ఆయన ప్రాణం కొట్టుకుంటుంటే అక్కడ వాడికి స్టిక్కర్ పరువు ముఖ్యమైంది.

డాక్టర్ కళ్లు చూసి, నాడి చూసి, అంచనా మీదే విరుగుడు ఇచ్చాడు. మనిషి బతికాడు. కొన్నాళ్లకు కాళ్లు మొద్దుబారడం మొదలైంది. ఇప్పుడు చెప్పు జారిపోయినా తెలియదు.

తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. డబ్బా మీది లేబుల్ తీసేయడం రూల్‌కు విరుద్ధం, తప్పు మీ ఆయనదే, ఇంటికి పంపేస్తున్నాం అన్నాడు.

"వేపనూనే అన్నారు గదా సార్. మరి లేబుల్ పోతే అంత నేరమెట్ల అయితాది?" అని అడిగాను. అతను తన ఫోన్‌లో ఏదో చూసుకున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మా ఆయన్ను చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు. నేను మళ్లీ కీర కోయడానికి వచ్చేశాను.

మేడమ్ వాళ్లమ్మ ఉంది, ముసలామె. పాతకాలం మనిషి, హిందీ బాగా మాట్లాడుతుంది. నేను స్టిక్కర్ కళ్లకద్దుకోవడం చూసి ఒకరోజు ఎందుకని అడిగింది. చెప్పాను. మొత్తం చెప్పాను, ఏడుపు ఆపుకోలేదు. నాలుగు రోజుల తర్వాత ఆమె తన తమ్ముడి ఖర్జూరం తోట నుంచి ఒక మందు డబ్బా తెప్పించింది. లేబుల్ ఉన్న డబ్బా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా చూపిస్తూ హిందీలో చదివి చెప్పింది.

"ఇందులో దేవుడి పేరు లేదు బేటీ. ఇది విషం అని ఉంది. ముఖానికి గుడ్డ కట్టుకో అని ఉంది. కొట్టాక ఇన్ని రోజులు ఆగి కాయ కోయమని ఉంది."

చివరి వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. చదవమని నేనే బతిమాలాను.

"ఒంటికి విషం ఎక్కితే, ఈ కాగితం డాక్టర్‌కు చూపించు."

ఆ వరుసనే మా ఆయన దండం పెట్టుకుని పొయ్యిలో వేశాడు.

మర్నాడు కీర వచ్చింది. స్టిక్కర్ ఒలిచి, అలవాటుగా కళ్ల దాకా తెచ్చాను. అక్కడే ఆగి, తీసి చెత్తబుట్టలో వేశాను. అలమర పైన దాచినవన్నీ కూడా దాని వెనకే పోశాను.